చేతి గాలివేగమాపకం: కైట్‌బోర్డింగ్ కోసం ఎంపిక, వాడకం

గాలి వేగాన్ని నిలబడిన చోటనే అప్పటికప్పుడు కొలిచి చూపేలా, చేతిలో ఇమిడే పరిమాణంలో తయారైన పరికరాన్ని చేతి గాలివేగమాపకం అంటారు. వాతావరణ కేంద్రాల్లో ఎత్తైన స్తంభాల మీద అమర్చే ఎనిమోమీటరుకు ఇది జేబులో పట్టే రూపం. తెరచాప పడవల పందేలు నిర్వహించేవారు, పారాగ్లైడింగ్ చేసేవారు, డ్రోన్లు ఎగరేసేవారు, పొలంలో మందు పిచికారీ చేసేవారు దీన్ని వాడుతున్నప్పటికీ, గాలి తప్ప మరో చోదకశక్తి లేని కైట్‌బోర్డింగ్ క్రీడలో దీని అవసరం మిక్కిలి ఎక్కువ. పెద్ద గాలిపటాన్ని నడుముకు బిగించిన పట్టీకి తగిలించుకుని, కాళ్ల కింద పలకతో నీటి మీద జారుతూ సాగే ఈ క్రీడకు, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరానికి చెందిన బ్రూనో, డొమినిక్ లెగేన్యూ సోదరులు గాలి నింపే గాలిపటానికి 1984లో కోరిన పేటెంట్ బాట వేసింది. 1990ల చివరి నుంచి అనేక దేశాలకు వ్యాపించిన ఈ క్రీడ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ‘ఫార్ములా కైట్’ పేరుతో తొలిసారి పతక క్రీడగా చేరగా, ఆ పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి.

మదనపల్లె, అంగళ్లు, పుంగనూరు, కుప్పం ప్రాంతాలతో కూడిన పూర్వపు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగం సముద్రానికి దూరమైన పీఠభూమి. ఈ నేల మీద గాలి పుష్కలంగా వీచినా కైట్‌బోర్డింగ్‌కు తగిన విశాలమైన నీటి విస్తీర్ణం లేదు. ఇక్కడి నుంచి ఆ క్రీడ నేర్చుకోదలచినవారు తమిళనాడులోని రామేశ్వరం, తూత్తుకుడి తీరాలకు వెళ్లవలసి ఉంటుంది. అయితే గాలిని కొలవడం నేర్చుకోవడానికి, ఎత్తును బట్టి, నేల తీరును బట్టి గాలి ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఈ పీఠభూమి మంచి పాఠశాల కాగలదు. అందువల్ల ఈ వ్యాసం పరికరాల రకాలనూ, ఎంపికలో పాటించవలసిన ప్రమాణాలనూ ఈ ప్రాంతపు గాలులతో కలిపి వివరిస్తుంది.

గాలి వేగం, లాగుడు శక్తి

గాలిపటం మీద పడే బలం గాలి వేగపు వర్గానికి, గాలి సాంద్రతకు, గాలిపటం వైశాల్యానికి అనులోమంగా ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది; 12 నాట్ల గాలి 18 నాట్లకు పెరిగితే చర్మానికి తెలిసే తేడా స్వల్పమే అయినా, గాలిపటం లాగే శక్తి రెండుంపావు రెట్లవుతుంది. మనిషి ముఖానికి తగిలే గాలిని బట్టి వేగాన్ని అంచనా వేయడం ఈ క్రీడలో ప్రమాదకరం కావడానికీ, కొలత తప్పనిసరి కావడానికీ ఇదే కారణం.

నావికుల కొలమానమైన నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కిలోమీటర్లు; సెకనుకు ఒక మీటరు వేగం 1.94 నాట్లకు, గంటకు 3.6 కిలోమీటర్లకు సమానం. సాధారణంగా కైట్‌బోర్డింగ్ 12 నుంచి 25 నాట్ల మధ్య గాలిలో, అంటే గంటకు 22 నుంచి 46 కిలోమీటర్ల వేగంలో సాగుతుంది. 1805లో బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ రూపొందించిన గాలి తరగతుల పట్టికలో ఇది దాదాపు నాలుగో తరగతి నుంచి ఆరో తరగతి వరకు వస్తుంది. నాలుగో తరగతిలో దుమ్ము లేచి చిన్న కొమ్మలు కదులుతాయి, ఆరో తరగతిలో పెద్ద కొమ్మలు ఊగి, కరెంటు తీగలు ఈలవేసినట్టు మోగుతాయి.

గాలిపటం వైశాల్యాన్ని నిర్ణయించడానికి క్రీడాకారులు ఒక స్థూల సూత్రాన్ని వాడతారు. మనిషి బరువును కిలోల్లో తీసుకుని 2.2తో హెచ్చించి, గాలి వేగాన్ని నాట్లలో తీసుకుని భాగిస్తే చదరపు మీటర్లలో వైశాల్యం వస్తుంది. ఆ లెక్కన 70 కిలోల బరువున్నవారికి 15 నాట్ల గాలిలో సుమారు 10 చదరపు మీటర్ల గాలిపటం, 25 నాట్లలో సుమారు 6 చదరపు మీటర్ల గాలిపటం సరిపోతుంది. నైపుణ్యాన్ని బట్టి, పలకను బట్టి ఈ సంఖ్యలు మారుతాయి గాని, వేగాన్ని తప్పుగా చదివితే గాలిపటం ఎంపిక కూడా తప్పుతుందన్న సంగతి మారదు.

చరిత్ర

గాలిని కొలిచే తొలి సాధనాల్లో, 1450 ప్రాంతంలో ఇటలీకి చెందిన లియోన్ బాటిస్టా అల్బెర్టీ వర్ణించిన వేలాడే పలక ప్రసిద్ధం. గాలి తాకిడికి పలక ఎంత పైకి లేస్తే అంత వేగమని దాని లెక్క. 17వ శతాబ్దంలో రాబర్ట్ హుక్ ఇదే సూత్రాన్ని మళ్లీ చేపట్టాడు. 1846లో ఐర్లండ్‌లోని ఆర్మా వేధశాలకు చెందిన థామస్ రోమ్నీ రాబిన్సన్ నాలుగు అర్ధగోళాకార గిన్నెలు నిలువు ఇరుసు చుట్టూ తిరిగే పరికరాన్ని ప్రవేశపెట్టాడు. గిన్నెలు ఏ పరిమాణంలో ఉన్నా గాలి వేగంలో మూడోవంతు వేగంతో తిరుగుతాయని ఆయన భావించగా, ఆ నిష్పత్తి గిన్నె పరిమాణాన్ని, చేతి పొడవును బట్టి మారుతుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. 1926లో కెనడాకు చెందిన జాన్ ప్యాటర్సన్ మూడు గిన్నెల అమరిక మేలైనదని చూపించాక అదే వాతావరణ కేంద్రాల్లో ప్రమాణమైంది.

భారతదేశంలో గాలి కొలతలను పద్ధతి ప్రకారం సేకరించి శక్తి వనరుగా చూపిన కృషిలో వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి (1918-2001) పేరు ముందుంటుంది. డి.ఎ. మూలేతో కలిసి ఆమె వెలువరించిన భారత పవనశక్తి గణాంకాల గ్రంథం 1983లో వచ్చింది. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆమె బెంగళూరు కేంద్రంగా దేశవ్యాప్త గాలి సర్వేలకు నాయకత్వం వహించారు. రాయలసీమలో అప్పటి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలు వెలశాయి. ఎక్కడ మర నిలపాలో తేల్చేది కొలతే కనుక, గాలిని ఏ ఎత్తున, ఎంతసేపు కొలిచారన్న ప్రశ్న ఈ సర్వేలన్నిటికీ మూలం. చేతి పరికరం కొనేవారికీ అదే ప్రశ్న వర్తిస్తుంది.

పరికరాల రకాలు

*రెక్కల చక్రం ఉన్నవి.* చిన్న పంకా వంటి రెక్కల చక్రం గాలికి తిరుగుతుండగా, దాని భ్రమణాలను అయస్కాంతం ద్వారానో కాంతి ద్వారానో లెక్కించి వేగాన్ని చూపే పరికరాలివి. అమెరికాకు చెందిన కెస్ట్రెల్ పరికరాల్లోనూ, స్విట్జర్లాండ్‌కు చెందిన జేడీసీ సంస్థ స్కైవాచ్ పేరుతో తెచ్చిన పరికరాల్లోనూ అనేకం ఈ కోవకు చెందినవే. ఇవి చిన్నవి, గట్టివి, తక్కువ గాలిని కూడా పసిగట్టేవి. అయితే చక్రం గాలికి నేరుగా ఎదురుగా ఉండాలి. 15 డిగ్రీలు పక్కకు తిరిగితే సుమారు 3 శాతం, 20 డిగ్రీలు తిరిగితే సుమారు 6 శాతం తక్కువ చూపుతాయి.

*గిన్నెలు ఉన్నవి.* గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా గిన్నెలు ఒకే తీరున తిరుగుతాయి కనుక పరికరాన్ని దిక్కు చూసి పట్టుకునే పని ఉండదు. కర్రకు కట్టి పైకెత్తడానికి ఇవి అనువైనవి. గాలి హెచ్చినప్పుడు త్వరగా వేగం పుంజుకుని, తగ్గినప్పుడు నెమ్మదిగా మందగించడం గిన్నెల స్వభావం కావడంతో, విసురుగా వీచే గాలిలో ఇవి సగటును కొంచెం ఎక్కువ చేసి చూపుతాయి.

*పీడనం ఆధారంగా పనిచేసేవి.* పారదర్శకమైన గొట్టంలోకి గాలి చొరబడి, లోపలి తేలికపాటి బంతిని పైకి లేపే సరళ సాధనం ఈ వర్గంలో ప్రధానం. బ్యాటరీ అక్కరలేని ఈ సాధనాన్ని కొండల మీద పారాగ్లైడింగ్ చేసేవారు చాలాకాలంగా వాడుతున్నారు. ఇది వేగాన్ని కాక గాలి ఒత్తిడిని గ్రహిస్తుంది గనుక గాలి పలచబడిన ఎత్తుల్లో తక్కువ చూపుతుంది.

*వేడి తీగ ఉన్నవి.* విద్యుత్తుతో వేడెక్కించిన సన్నని తీగను గాలి ఎంత చల్లబరుస్తుందో చూసి వేగాన్ని లెక్కించే ఈ పరికరాలు ఏసీ గొట్టాల్లో, ప్రయోగశాలల్లో మంచి పని చేస్తాయి. నీటి తుంపర, ఇసుక, ఉప్పు తగిలితే తీగ పాడవుతుంది కాబట్టి తీరంలో వాడకానికి పనికిరావు.

*అల్ట్రాసోనిక్ పరికరాలు.* వినికిడికి అందని ధ్వనిని రెండు కొసల మధ్య అటూ ఇటూ పంపి, గాలి వెంబడి వెళ్లినప్పుడు పట్టిన సమయానికీ, ఎదురు వెళ్లినప్పుడు పట్టిన సమయానికీ ఉన్న తేడాను బట్టి వేగాన్ని గణిస్తాయి. కదిలే భాగాలు లేనందున అరుగుదల ఉండదు, వేగంతో పాటు దిక్కునూ చూపగలవు. ధర మిగిలినవాటికంటే చాలా ఎక్కువ. ధ్వని వెలువడే ముఖాల మీద నీటి బొట్లు నిలిస్తే కొలత చెదురుతుంది.

*ఫోనుకు తగిలించేవి.* డెన్మార్క్‌కు చెందిన వావుద్ సంస్థ ఫోనులోని అయస్కాంత సెన్సర్‌తోనూ, తరువాత ఇయర్‌ఫోన్ రంధ్రంతోనూ పనిచేసే గిన్నెల మాపకాలను తెచ్చి ఈ రకాన్ని ప్రచారంలోకి తెచ్చింది. తక్కువ ధరకు దొరికినా, ఫోన్లలో ఇయర్‌ఫోన్ రంధ్రం కనుమరుగవుతున్నందున, అనుబంధ యాప్ నవీకరణ ఆగిపోతే పరికరమే నిరుపయోగం అవుతుంది గనుక, దీర్ఘకాలం వాడదలచినవారికి స్వతంత్ర పరికరమే మేలు.

పడమటి చిత్తూరు సీమ గాలులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు సముద్రమట్టానికి సుమారు 650 నుంచి 800 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అంగళ్లుకు సమీపంలో లేచిన హార్స్‌లీ కొండల శిఖర భాగం సుమారు 1,265 మీటర్ల ఎత్తు. స్థానికులు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచే ఈ కొండకు, 19వ శతాబ్దంలో అక్కడ వేసవి విడిది కట్టుకున్న కడప కలెక్టర్ డబ్ల్యు.డి. హార్స్‌లీ పేరు స్థిరపడింది. పొడిగాలి, మితమైన వేడి కారణంగా 20వ శతాబ్దం ఆరంభంలో క్షయ చికిత్సాలయం వెలసిన ఆరోగ్యవరం మదనపల్లె చెంతనే ఉంది. భారత వాతావరణ శాఖ పరిశీలన కేంద్రాల్లో ఆ ఊరు ఒకటి.

ఈ సీమలో గాలి ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలులు బలంగా, రోజుల తరబడి వీస్తాయి. ఆషాఢ మాసపు గాలి ఉద్ధృతి ఇక్కడి రైతులకు, సరిహద్దుకు అవతల తమిళులకు కూడా సుపరిచితం. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాలతో తూర్పు గాలి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం గాలి మందంగా ఉండి, మధ్యాహ్నం నేల వేడెక్కాక విసురులుగా మారుతుంది. సాయంత్రం ఉరుముల మేఘాలు కమ్మితే, వాటి నుంచి కిందికి దిగి నేల మీద పరుచుకునే చల్లని గాలి నిమిషాల వ్యవధిలో పెనుగాలై మామిడి కాయలను రాల్చి వెళుతుంది.

రుతుపవనాల గాలికి బలం పై నుంచే వస్తుంది. జులై నెలలో ద్వీపకల్ప భారతం మీద సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున బలమైన పడమటి గాలి ప్రవాహం ఉందని భారత వాతావరణ శాస్త్రవేత్తలు పి.వి. జోసెఫ్, పి.ఎల్. రామన్ 1966లో ప్రకటించారు. దీన్ని దిగువస్థాయి జెట్ ప్రవాహం అంటారు. హార్స్‌లీ కొండల శిఖరం ఈ ప్రవాహపు ఎత్తుకు కొద్ది వందల మీటర్ల దిగువనే ఉండటం వల్ల, రుతుపవనాల కాలంలో కొండమీది గాలికీ మైదానపు గాలికీ మధ్య స్పష్టమైన వ్యత్యాసం కనిపించడం సహజం. ఉమ్మడి జిల్లాలోనే తిరుపతికి నైరుతి దిశగా ఉన్న గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఇటువంటి పైగాలులను అధ్యయనం చేసే కేంద్రం. అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 1,024 యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ తరంగాలతో, గాలి పొరల్లోని సూక్ష్మ కదలికల నుంచి తిరిగివచ్చే ప్రతిధ్వనులను బట్టి కిలోమీటర్ల ఎత్తున వీచే గాలుల వేగాన్ని, దిక్కును లెక్కిస్తుంది. గాలిపటం ఎగిరే 20 మీటర్ల ఎత్తు ఆ రాడార్ చూసే పొరలకు బాగా దిగువది కనుక, అక్కడి గాలిని తెలుసుకోవడం చేతి పరికరం పని.

ఎత్తు ప్రభావం

నేలకు ఆనుకుని వీచే గాలి, చెట్లు, ఇళ్లు, గట్లు, పైర్ల రాపిడి వల్ల మందగిస్తుంది. పైకి పోయినకొద్దీ వేగం పెరుగుతుంది. అందుకే ప్రపంచ వాతావరణ సంస్థ గాలి కొలతకు 10 మీటర్ల ఎత్తును, 10 నిమిషాల సగటును ప్రమాణంగా నిర్దేశించింది. చదునైన బయలులో సాధారణంగా వాడే లెక్క ప్రకారం, రెండు మీటర్ల ఎత్తున చేతి పరికరం చూపే వేగం 10 మీటర్ల ఎత్తున ఉండే వేగంలో సుమారు 80 శాతం మాత్రమే. చెట్లు, ఇళ్లు ఎక్కువగా ఉన్న చోట అది 67 శాతానికి కూడా తగ్గవచ్చు.

కైట్‌బోర్డింగ్ గాలిపటాల తాళ్లు సాధారణంగా 20 నుంచి 24 మీటర్ల పొడవుంటాయి. రెండు మీటర్ల ఎత్తున కొలిచిన వేగానికి, 20 మీటర్ల ఎత్తున గాలిపటం మీద పడే వేగం నునుపైన నీటి మీద సుమారు నాలుగోవంతు ఎక్కువ, బయలు నేల మీద సుమారు 40 శాతం ఎక్కువ ఉంటుంది. ఒడ్డున పరికరం 16 నాట్లు చూపితే పైన 20 నాట్లు ఉండవచ్చన్నమాట. వాతావరణ శాఖ ప్రకటించే సంఖ్య 10 మీటర్ల ఎత్తుకు చెందినది, చేతిలోని సంఖ్య రెండు మీటర్ల ఎత్తుకు చెందినది కాబట్టి, రెండూ ఒకటి కాలేదని పరికరాన్ని తప్పుపట్టడం సరికాదు.

గాలి సాంద్రత ప్రభావం

ఎత్తైన చోట గాలి పలచగా ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో సముద్రతీరంతో పోలిస్తే, 700 మీటర్ల ఎత్తునున్న అంగళ్లు ప్రాంతంలో గాలి సాంద్రత సుమారు 8 శాతం తక్కువ. హార్స్‌లీ కొండల మీద 25 డిగ్రీల చల్లదనంలో కూడా సుమారు 12 శాతం తక్కువ. అంటే తీరంలో 15 నాట్ల గాలి ఇచ్చే లాగుడు అంగళ్లులో రావాలంటే సుమారు 15.6 నాట్లు, కొండ మీద 16 నాట్లు వీచాలి.

సాంద్రత ప్రభావం అన్ని పరికరాల మీద ఒకే విధంగా ఉండదు. రెక్కల చక్రం, గిన్నెలు, అల్ట్రాసోనిక్ పరికరాలు నిజమైన వేగాన్నే దాదాపు చూపుతాయి. బంతి గొట్టం మాత్రం ఒత్తిడిని చూపుతుంది గనుక అంగళ్లులో వేగాన్ని సుమారు 4 శాతం తక్కువగా చూపుతుంది. గాలిపటం లాగుడు కూడా ఆ ఒత్తిడి మీదే ఆధారపడుతుంది కనుక ఈ తగ్గుదల క్రీడాకారుడిని తప్పుదారి పట్టించదు. వేడి తీగ పరికరం గాలి ద్రవ్యప్రవాహాన్ని గ్రహించడం వల్ల సర్దుబాటు లేనప్పుడు సుమారు 8 శాతం తక్కువ చూపుతుంది. పీఠభూమిలో గాలిపటం నడపడం అభ్యసించి తీరానికి వెళ్లేవారు, అక్కడ అదే సంఖ్య వద్ద లాగుడు కాస్త హెచ్చుతుందని గుర్తుంచుకోవాలి.

ఎంపికలో చూడవలసిన అంశాలు

మొదటిది, సగటు వేగాన్నీ అత్యధిక విసురునూ విడివిడిగా చూపగల సామర్థ్యం. ఆ క్షణపు వేగాన్ని మాత్రమే చూపే పరికరం ఈ క్రీడకు చాలదు. రెండు నిమిషాల సగటు 16 నాట్లుగా ఉన్న గాలి 11 నాట్లకు తగ్గుతూ 22 నాట్లకు పెరుగుతూ ఉంటే, గాలిపటం లాగుడులో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య నాలుగు రెట్ల తేడా ఉంటుంది. అదే 16 నాట్ల సగటుతో 14, 18 నాట్ల మధ్య నిలకడగా వీచే గాలి కొత్తవారికి కూడా అనుకూలం. ఈ రెండు గాలులను వేరుచేసి చూపడమే పరికరం నుంచి ఆశించవలసిన ప్రధాన ప్రయోజనం.

రెండోది నీటికి, ఉప్పుకు తట్టుకునే తత్వం. నీళ్లలో పడితే తేలే పరికరం, లోపలికి తేమ చొరని కవచం ఉన్నది ఎంచుకోవాలి. మూడోది రెక్కల చక్రాన్ని విడిగా మార్చుకునే వీలు. అరిగేది, ఇసుకకు పాడయ్యేది ముందుగా చక్రపు ఇరుసే కనుక, కెస్ట్రెల్ వంటి కొన్ని రకాల్లో పనిముట్లు లేకుండానే చక్రాన్ని తీసి కొత్తది పెట్టుకునే ఏర్పాటు ఉంది. నాలుగోది నాట్లలో, సెకనుకు మీటర్లలో, గంటకు కిలోమీటర్లలో చూపగల తెర. ఎండలో కూడా అంకెలు స్పష్టంగా కనబడాలి. ఐదోది సులువుగా దొరికే బ్యాటరీ. చిన్న బిళ్ల బ్యాటరీతో నడిచే పరికరానికి కుప్పంలోనైనా రామేశ్వరంలోనైనా ఇబ్బంది రాదు.

పేరున్న పరికరాల కచ్చితత్వం సాధారణంగా చూపిన వేగంలో 3 శాతం అటూ ఇటూగా ఉంటుందని తయారీదారులు ప్రకటిస్తారు. 15 నాట్ల వద్ద అది అర నాట్ కంటే తక్కువ. పరికరాన్ని 20 డిగ్రీలు వంకరగా పట్టుకుంటే వచ్చే తప్పు దానికి రెట్టింపు, ఎత్తు తేడాను లెక్కించకపోతే వచ్చే తప్పు దానికి ఎన్నో రెట్లు. కాబట్టి 3 శాతం నుంచి 2 శాతానికి మెరుగుపడటం కోసం రెట్టింపు ధర పెట్టడం ఈ క్రీడకు అనవసరం. ఉష్ణోగ్రత, తేమ, వాయుపీడనం, దిక్సూచి, బ్లూటూత్ వంటి అదనపు సౌకర్యాలు శిక్షకులకు, పోటీ నిర్వాహకులకు ఉపకరిస్తాయి గాని, నేర్చుకునేవారికి సగటు, విసురు, మన్నిక ఈ మూడూ చాలు.

కొలిచే పద్ధతి

కొలిచేవారు గాలికి అడ్డంగా పక్కకు నిలబడి, చేతిని పూర్తిగా చాచి, పరికరాన్ని తల కంటే ఎత్తున పట్టుకోవాలి. ఛాతీ ముందు పట్టుకుంటే శరీరం గాలిని అడ్డగించి, పక్కలకు మళ్లించి కొలతను చెడగొడుతుంది. రెక్కల చక్రం ఉన్న పరికరాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పి, అంకె గరిష్ఠమైన దిక్కున నిలపాలి. కనీసం రెండు నిమిషాలు, వీలైతే ఐదు నిమిషాల సగటు తీసుకుని, అరగంట తరువాత మళ్లీ కొలిచి గాలి పెరుగుతోందో తగ్గుతోందో గమనించాలి.

నిలబడే చోటును జాగ్రత్తగా ఎంచుకోవాలి. చెట్టు, కట్ట, భవనం వంటి అడ్డంకి వెనుక గాలి సుళ్లు తిరుగుతుంది. ఆ సుళ్లు అడ్డంకి ఎత్తుకు 10 నుంచి 20 రెట్ల దూరం వరకు వ్యాపిస్తాయి. 15 మీటర్ల చింతచెట్ల వరుస వెనుక 150 నుంచి 300 మీటర్ల మేర కొలత నమ్మదగినది కాదు. ఈ సీమ చెరువులు కైట్‌బోర్డింగ్‌కు అనువుగా లేకపోవడానికి ఇది ముఖ్య కారణం. ఒకవైపు ఎత్తైన కట్ట, చుట్టూ చెట్లు, సమీపంలో కరెంటు తీగలు, వేసవిలో తగ్గిపోయే నీరు, అడుగున బురద, ముళ్లు, రాళ్లు ఇక్కడ సాధారణం. 24 మీటర్ల తాళ్లతో ఎగిరే గాలిపటానికి కరెంటు తీగల సామీప్యం ప్రాణాంతకం. పీఠభూమిలో చేయదగినదల్లా, తీగలకు, రోడ్లకు దూరంగా ఉన్న విశాలమైన బయలులో రెండు మూడు చదరపు మీటర్ల అభ్యాస గాలిపటంతో నేల మీద సాధన చేయడమే. అందుకు 8 నుంచి 15 నాట్ల గాలి చాలు.

లోతట్టు నీటి మీది గాలి స్వభావానికి హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మంచి ఉదాహరణ. రుతుపవనాల కాలంలో అక్కడ జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పోటీల్లో, చుట్టూ ఉన్న నగర కట్టడాల వల్ల గాలి తరచు దిక్కు మారుస్తూ పడవ నడిపేవారి నైపుణ్యాన్ని పరీక్షిస్తుంది. రామేశ్వరం తీరంలోనైతే సముద్రం మీదుగా అడ్డంకి లేకుండా వచ్చే గాలి, లోతు తక్కువగా ఉన్న నీరు నేర్చుకునేవారికి అనుకూలిస్తాయి. నైరుతి, ఈశాన్య గాలులు రెండూ అందే చోటు కావడంతో ఏడాదిలో రెండు కాలాల్లో క్రీడ సాగుతుంది. అక్కడ కూడా ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలిలో నీటిలోకి దిగరాదు. పరికరం వేగాన్ని చక్కగా చూపినా, దిక్కు ప్రతికూలమైతే మనిషి ఒడ్డుకు దూరమైపోతాడు.

సంరక్షణ, సరిచూత

ఉప్పునీటి తీరంలో వాడిన తరువాత పరికరాన్ని మంచినీటితో సున్నితంగా కడిగి నీడలో ఆరబెట్టాలి. చక్రాన్ని వేలితో తిప్పడం, నోటితో గట్టిగా ఊదడం, పంపుతో గాలి కొట్టడం ఇరుసును దెబ్బతీస్తాయి. ఎండలో నిలిపిన వాహనంలో వదిలేయడం బ్యాటరీకీ తెరకూ చేటు. కదలని గాలిలో చక్రాన్ని వంచి చూసినప్పుడు అది సాఫీగా, చప్పుడు లేకుండా తిరగకపోతే మార్చవలసిన సమయం వచ్చినట్టే.

వృత్తిరీత్యా వాడేవారు పరికరాన్ని నిర్ణీత కాలానికి ఒకసారి గాలి సొరంగంలో సరిచూపించాలి. దక్షిణాదిలో కేరళలోని పాలక్కాడ్‌లో ఉన్న ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో అటువంటి సదుపాయం ఉంది. క్రీడాకారులకు అంత అవసరం ఉండదు. ఒకే చోట, ఒకే ఎత్తున, రెండు పరికరాలను పక్కపక్కన పట్టుకుని ఐదు నిమిషాల సగటులను పోల్చి చూసుకోవడం చాలు.

ఇతర ఉపయోగాలు

ఈ సీమలో చేతి గాలివేగమాపకానికి క్రీడ కంటే విస్తృతమైన ప్రయోజనం వ్యవసాయంలో ఉంది. మదనపల్లె చుట్టుపక్కల టమాటా తోటల్లో మందు పిచికారీకి గంటకు 3 నుంచి 15 కిలోమీటర్ల మధ్య గాలి అనుకూలం. అంతకు మించితే మందు పక్క చేలలోకి, పిచికారీ చేసే మనిషి మీదికి కొట్టుకొస్తుంది, పూర్తిగా నిశ్చలంగా ఉంటే సన్నని తుంపర గాలిలోనే తేలి ఎటు పోతుందో తెలియదు. కుప్పం ప్రాంతంలో పూలు, కూరగాయలు పండించే పాలీహౌస్‌లకు, షేడ్‌నెట్‌లకు కూడా విసురుగాలి పెద్ద శత్రువు. గాలి హెచ్చుతున్నట్టు తెలిసిన వెంటనే పక్క తెరలు మూయడానికి కొలత తోడ్పడుతుంది. అంగళ్లు, కుప్పంలోని కళాశాలలు, విశ్వవిద్యాలయాల విద్యార్థులు కొండ పాదం వద్దా శిఖరం మీదా ఒకే సమయంలో గాలిని కొలిచి పోల్చితే, దిగువస్థాయి జెట్ ప్రవాహం గురించి పాఠంలో చదివినది ప్రత్యక్షంగా పరిశీలించగలుగుతారు.

సారాంశం

కైట్‌బోర్డింగ్ కోసం చేతి గాలివేగమాపకాన్ని ఎంచుకునేవారికి, సగటునూ విసురునూ చూపి, నీటికి తట్టుకుని, చక్రం మార్చుకునే వీలున్న మధ్యస్థాయి రెక్కల పరికరం సరైన ఎంపిక. అంతకు మించిన ఖరీదు కంటే, కొలిచే చోటు, ఎత్తు, దిక్కు, వ్యవధి విషయంలో పాటించే క్రమశిక్షణ ఎక్కువ ఫలితాన్నిస్తుంది. కొలిచిన ప్రతిసారీ తేదీ, వేళ, స్థలం, సగటు, గరిష్ఠ విసురు, ఎగరేసిన గాలిపటం పరిమాణం ఒక పుస్తకంలో రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. కొద్ది నెలల్లోనే అది ఏ సూత్రం కంటేనూ నమ్మదగిన మార్గదర్శి అవుతుంది. విసురు సగటుకు ఒకటిన్నర రెట్లు దాటినా, ఆకాశంలో ఉరుముల మేఘం కనిపించినా, పరికరం ఏ సంఖ్య చూపినా, ఆ పూట గాలిపటాన్ని మడిచి పెట్టడమే నేర్చుకునేవారి కర్తవ్యం.